ఒకే ఓటు, ఐదు గడులు: న్యూయార్క్ నగర ఎన్నికల లెక్క ఎలా నడుస్తుంది

మా చిన్నమ్మ కొడుకు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉంటాడు. పౌరసత్వం వచ్చాక వాడు వేసిన మొదటి ఓటు 2025 జూన్‌లో, మేయర్ పదవికి పార్టీ అభ్యర్థిని తేల్చే డెమోక్రటిక్ ప్రైమరీలో. ఓటుకు ముందు నమూనా బ్యాలెట్ ఫొటో ఒకటి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు. ఎడమవైపు పదకొండు పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా ఐదేసి గుండ్రటి గడులు, పైన 1 నుంచి 5 వరకు అంకెలు. "ఓటేయమంటే ఎంసెట్ పేపరిచ్చారు" అని కింద రాశాడు.

నల్గొండలో ఉన్న బాబాయి ఆ ఫొటో చూసి "ఇది మన ఎమ్మెల్సీ బ్యాలెట్టే కదరా" అన్నాడు. ఆయన టీచరుగా ఉన్నప్పుడు 2021 గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నికకి కౌంటింగ్ డ్యూటీ పడింది. ఇప్పటికీ దాని మాటెత్తితే నడుం పట్టుకుంటాడు. ఇక గ్రూప్‌లో మొదలైంది. అంటే మనిషికి ఐదు ఓట్లా? మొదట ఎక్కువ వచ్చినవాడు ఓడిపోవడం ఏంటి? రెండో ఓటు వేరేవాళ్లకి వేస్తే నా మొదటివాడికి నష్టం కాదా? ఆ రోజు ఎవరి ప్రశ్నకీ సరైన జవాబు దొరకలేదు. ఇంతలో ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టేసరికి చర్చ అక్కడితో ఆగింది. ఈ ప్రశ్నలు మా ఇంట్లోవాళ్లకే వచ్చినవి కావు కాబట్టి కాస్త విడమరిచి రాస్తున్నా.

## ర్యాంక్డ్ ఛాయిస్ అంటే ఏంటి

మనం ఎమ్మెల్యేకి, ఎంపీకి, వార్డు కార్పొరేటర్‌కి వేసే ఓటులో ఒక్క మాటే చెప్పగలం: "నాకు ఈయన కావాలి." ఈయన కాకపోతే ఎవరు అని ఆ మెషీన్ అడగదు. ర్యాంక్డ్ ఛాయిస్ ఓటింగ్ అడిగేది సరిగ్గా అదే. నా మొదటి ఎంపిక ఫలానా, ఆయన పోటీలో లేకుండా పోతే నా ఓటు ఫలానావిడకి, ఆవిడా లేకపోతే ఇంకొకరికి, అని ఓటరు వరస రాసిస్తాడు. మన పేపర్లలో మొదటి ప్రాధాన్యత, రెండో ప్రాధాన్యత అని రాస్తారే, అదే.

మొదట అందరి మొదటి ఎంపికలూ లెక్కపెడతారు. ఎవరికైనా సగం దాటితే అక్కడితో అయిపోయింది, మిగతా గడుల జోలికే వెళ్లరు. దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాళ్లని తీసేస్తారు. వాళ్ల బ్యాలెట్లను చెత్తబుట్టలో పడేయరు, ఒక్కోటీ తెరిచి ఆ ఓటరు తర్వాతి ఎంపిక ఎవరో చూసి వాళ్ల కట్టలో కలుపుతారు. మళ్లీ లెక్క, మళ్లీ ఒకరు అవుట్. ఇద్దరు మిగిలేదాకా ఇదే.

కాబట్టి ఐదు ఓట్లు కాదు, ఒకటే ఓటు. ఏ రౌండ్‌లో చూసినా ఒక బ్యాలెట్ ఒక్కరి కట్టలోనే ఉంటుంది. రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు లోయర్ బెర్త్ లేకపోతే మిడిల్, అదీ లేకపోతే అప్పర్ అని చెప్తాం, అంతమాత్రాన మూడు బెర్తులు రావు కదా. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇలాంటి అభ్యంతరాలతోనే ఒక కేసు ఫెడరల్ అప్పీల్ కోర్టు దాకా వెళ్లింది. కొందరి ఓట్లు మధ్యలోనే అయిపోతున్నాయి, మిగతావాళ్లవి చివరిదాకా లెక్కలోకి వస్తున్నాయి అన్నది వాదన. 2011లో కోర్టు దాన్ని ఒప్పుకోలేదు.

ఇక మూడో ప్రశ్న, రెండో ర్యాంకు ఇస్తే మొదటివాడికి నష్టమా అన్నది. నష్టం లేదు. మీ మొదటి అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపూ మీ రెండో గడి వైపు ఎవరూ చూడరు. ఆయన ఔటయ్యాకే దానికి పని పడుతుంది.

## వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో వేసి చూద్దాం

వంద ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్, అసోసియేషన్ ప్రెసిడెంట్ ఎన్నిక, ఫ్లాటుకో ఓటు. టెర్రస్ మీద సెల్ టవర్ పెట్టనిచ్చి వచ్చే అద్దెతో మెయింటెనెన్స్ తగ్గిద్దామంటాడు శ్రీనివాస్. టవర్ వద్దే వద్దంటారు పద్మ, రజియా, ఇద్దరూ. జోసెఫ్ గొడవంతా పార్కింగ్ గురించే. ఓట్లు ఇలా పడ్డాయి: శ్రీనివాస్‌కి 38, పద్మకి 33, రజియాకి 20, జోసెఫ్‌కి 9.

మామూలు పద్ధతిలో శ్రీనివాస్ గెలిచినట్టే, టవర్ వచ్చినట్టే, అది వద్దన్నవాళ్లకి 53 ఓట్లు పడినా సరే. ఓట్లు చీలాయి అంటాం మనం. ఎన్నికలకు ముందు "ఆవిడని విత్‌డ్రా చేయించండి" అని రాయబారాలు నడిచేది ఇందుకే.

ఇప్పుడు ర్యాంకులతో. ఎవరికీ 51 లేవు, జోసెఫ్ ఔట్. ఆయన 9 బ్యాలెట్లలో రెండో పేరు చూస్తే శ్రీనివాస్‌కి 4, పద్మకి 3, రజియాకి 2. ఇప్పుడు లెక్క 42, 36, 22. ఇంకా ఎవరూ సగం దాటలేదు, రజియా ఔట్. ఆవిడ కట్టలోని 22లో 13 పద్మకి పోయాయి, 3 శ్రీనివాస్‌కి. మిగతా 6 బ్యాలెట్లలో తర్వాత ఏ పేరూ లేదు, లేదా ఉన్న పేరు ఇప్పటికే ఔటైన జోసెఫ్‌ది. అవి పక్కన పెట్టేస్తారు. చివరికి పద్మ 49, శ్రీనివాస్ 45. పద్మ గెలిచింది.

ఈ 49ని కాస్త గుర్తుపెట్టుకోండి. "మెజారిటీ గెలుపు" అని చెప్పే పద్ధతిలో వందకి 49 వచ్చినావిడ గెలిచింది. లెక్కలో మిగిలిన 94 బ్యాలెట్లలో చూస్తే అది 52 శాతం, మొత్తం వందలో చూస్తే సగం లేదు. రెండూ నిజమే.

## న్యూయార్క్ దీన్ని ఎందుకు తెచ్చుకుంది

అక్కడ ఇంతకుముందు రనాఫ్ ఉండేది. నగరమంతా ఓటేసే పదవులకి పార్టీ ప్రైమరీలో ఎవరికీ 40 శాతం రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్ పెట్టాలి. 2013లో పబ్లిక్ అడ్వకేట్ (నగరపాలన మీద జనం ఫిర్యాదులు చూసే మనిషి) అనే పదవికి అలాగే పెట్టారు. ఖర్చు దాదాపు 1.3 కోట్ల డాలర్లు. ఆ ఆఫీసు ఏడాది బడ్జెటేమో పాతిక లక్షల డాలర్లు కూడా లేదు. పోనీ జనం వచ్చారా అంటే ఓటర్లలో పదో వంతు కూడా రాలేదు.

ఆ రెండో పోలింగేదో మొదటి బ్యాలెట్‌లోనే అడిగేస్తే పోదా అన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. 2019 నవంబరులో నగర ఓటర్ల ముందు పెడితే 73 శాతానికి పైగా ఒప్పుకున్నారు. 2021 నుంచి అమల్లోకి వచ్చింది. గరిష్ఠంగా ఐదుగురికి ర్యాంకులు ఇవ్వచ్చు, ఒక్కరికే ఇచ్చి ఊరుకున్నా తప్పు లేదు. మేయర్, పబ్లిక్ అడ్వకేట్, కంప్ట్రోలర్ (నగర ఖజానా లెక్కలు చూసేవాళ్లు), బరో ప్రెసిడెంట్ (క్వీన్స్ లాంటి నగర భాగానికి పెద్ద), సిటీ కౌన్సిల్ పదవులకి వర్తిస్తుంది, అదీ ప్రైమరీల్లో, మధ్యలో ఖాళీ పడితే జరిపే ప్రత్యేక ఎన్నికల్లో మాత్రమే. నవంబరులో జరిగే అసలు ఎన్నికకి వర్తించదు. ఈ చివరి ముక్క దగ్గరే చాలామంది తికమకపడతారు, దాని దగ్గరికి మళ్లీ వస్తా.

ఇదేమీ న్యూయార్క్ కనిపెట్టింది కాదు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ నగరం 1941 నుంచి కౌన్సిల్‌ని ర్యాంకులతోనే ఎన్నుకుంటోంది. శాన్ ఫ్రాన్సిస్కో 2004లో మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాలో దేశమంతా నూరేళ్ల పైనుంచి ఉంది.

## 2021లో ఎనిమిది రౌండ్లు

మేయర్ పదవికి ఆ ఏడాది జరిగిన డెమోక్రటిక్ ప్రైమరీలో పదమూడు మంది. మొదటి ఎంపికల్లో ఎరిక్ ఆడమ్స్‌కి 30.7 శాతం, మాయా వైలీకి 21.4, క్యాథ్రిన్ గార్సియాకి 19.6, ఆండ్రూ యాంగ్‌కి 12.2. మూడో స్థానంలో ఉన్న గార్సియా పేరు గుర్తుపెట్టుకోండి.

కిందివాళ్లు ఒక్కొక్కరే పోతూ వచ్చారు. యాంగ్ ఔటయ్యాక ఆయన బ్యాలెట్లు మిగతా ఇద్దరికంటే గార్సియాకే ఎక్కువ వచ్చాయి, ఎందుకంటే ప్రచారం చివరి రోజుల్లో యాంగ్ ఆవిడతో కలిసి తిరిగి "రెండో ర్యాంకు ఈవిడకివ్వండి" అని అడిగాడు. (ఆవిడ మాత్రం తిరిగి ఆ మాట అనలేదు. రాజకీయం!) దాంతో గార్సియా వైలీని దాటేసింది, తేడా పన్నెండు వేలు. ఇప్పుడు మూడో స్థానంలో వైలీ, కాబట్టి ఆవిడ ఔట్. ఆవిడ కట్టలో రెండున్నర లక్షల బ్యాలెట్లు. వాటిలో సుమారు 1.3 లక్షలు గార్సియాకి, దాదాపు 50 వేలు ఆడమ్స్‌కి వెళ్లాయి. 74 వేల చిల్లర ఎవరికీ వెళ్లలేదు, వాటి మీద ఈ ఇద్దరి పేర్లూ లేవు.

చివరి లెక్క ఆడమ్స్ 4,04,513, గార్సియా 3,97,316. తేడా 7,197. మొదట లక్ష ఓట్లకు పైగా వెనకబడిన మనిషి అంచుదాకా వచ్చి ఆగింది.

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది ఇంకోటి. పాత రనాఫ్ పద్ధతే ఉండి, ఓట్లు ఇలాగే పడి ఉంటే రెండో పోలింగ్ ఆడమ్స్‌కీ వైలీకీ మధ్య జరిగేది. గార్సియా మొదటి రోజే ఇంటికి పోయేది. రెండు పద్ధతుల్లోనూ చివరికి ఇద్దరి మధ్యే తేలుతుంది, కానీ ఆ ఇద్దరు ఎవరన్నది మాత్రం వేరేగా తేలుస్తాయి.

## నల్గొండలోనూ అనంతపురంలోనూ మనం చేసేది ఇదేనా

చాలా వరకు ఇదే. గ్రాడ్యుయేట్, టీచర్ ఎమ్మెల్సీలకి మనం అంకెలే వేస్తాం, ఐదు దగ్గర ఆపమని ఎవరూ అనరు, ఎంతమంది పోటీలో ఉంటే అంతమందికీ ఇవ్వచ్చు. 2021లో నల్గొండ-ఖమ్మం-వరంగల్ స్థానానికి 71 మంది నిలబడితే దినపత్రిక అంత జంబో బ్యాలెట్ అచ్చేశారు. పోలైన ఓట్లు 3.8 లక్షల పైన. అన్నీ చేత్తోనే. బ్యాలెట్లని ముందు పాతికేసి కట్టలు కట్టి, వాటిని టేబుళ్లకి పంచి, మొదటి ప్రాధాన్యతలు లెక్కపెట్టి, ఆ తర్వాత ఒక్కొక్కళ్లనీ ఎలిమినేట్ చేసుకుంటూ పోవాలి. మార్చి 17న మొదలైతే 20న గానీ ఫలితం రాలేదు. న్యూయార్క్‌లో బ్యాలెట్లని మెషీన్లు స్కాన్ చేస్తాయి, రౌండ్ల లెక్క సాఫ్ట్‌వేర్ క్షణాల్లో చేసేస్తుంది. బాబాయికి ఈ మాట చెప్తే కాసేపు మాట్లాడలేదు.

రెండో ప్రాధాన్యత ఫలితాన్నే తిప్పేయడం కూడా మనకి కొత్త కాదు. 2023 మార్చిలో, అనంతపురంలో కౌంటింగ్ జరిగిన పశ్చిమ రాయలసీమ గ్రాడ్యుయేట్ స్థానంలో, 49 మంది అభ్యర్థుల మధ్య, వైసీపీ అభ్యర్థి మొదటి ప్రాధాన్యతలో సుమారు 1,800 ఓట్ల ముందున్నాడు. ఎలిమినేషన్లు పూర్తయ్యేసరికి టీడీపీ అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి ఏడున్నర వేల మెజారిటీతో గెలిచాడు. టీడీపీకీ పీడీఎఫ్‌కీ (వామపక్షాలు బలపరిచే ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) మధ్య రెండో ప్రాధాన్యత మీద అవగాహన ఉండటం, మూడో స్థానంలో పీడీఎఫ్ అభ్యర్థే ఉండటం కలిసొచ్చాయి. యాంగ్, గార్సియా కథ చదువుతుంటే నాకు అనంతపురం కౌంటింగ్ గుర్తొచ్చింది అందుకే.

తేడాలు చిన్నవే గానీ ముఖ్యమైనవి. మన దగ్గర 1 అంకె లేకపోతే బ్యాలెట్ మొత్తం చెల్లదు. టిక్కు పెట్టినా, అంకెని అక్షరాల్లో రాసినా, వాళ్లిచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్ కాకుండా సొంత పెన్ వాడినా, సంతకం చేసినా అంతే. 1 వేసి 2 మర్చిపోయి 3 వేస్తే ఆ 1 వరకే లెక్క. న్యూయార్క్‌లో మధ్యలో ఒక ర్యాంకు ఖాళీగా వదిలేస్తే తర్వాతిది ముందుకు జరుగుతుంది. ఒకే ర్యాంకు ఇద్దరికిస్తే మాత్రం అక్కడి నుంచి కిందివి చెల్లవు, పైవి చెల్లుతాయి. ఒకే మనిషికి ఐదు గడులూ నింపితే? కొందరు అభిమానం కొద్దీ అలా చేస్తారట. అది ఒక్కసారే లెక్కకొస్తుంది, మిగతా నాలుగూ వృథా. నల్గొండలో 2021లో చెల్లని ఓట్లు ఇరవై వేలు దాటాయి. అందరూ డిగ్రీ చదివినవాళ్లే. ఇంతకంటే ఏమీ అనను.

ఇంకో తేడా కోటా. మన దగ్గర చెల్లిన ఓట్లన్నిటిలో సగానికి ఒకటి కలిపి కోటా ముందే కడతారు, మధ్యలో బ్యాలెట్లు ఆగిపోయినా అది మారదు. ఎవరికీ కోటా రాకుండానే చివరికి ఒక్కరే మిగిలితే వాళ్లు గెలిచినట్టు. న్యూయార్క్‌లో ప్రతి రౌండ్‌లోనూ మిగిలిన బ్యాలెట్లలో సగం అని చూస్తారు. ఫలితం ఒకటే అవుతుంది గానీ, మనవాళ్ల లెక్కలో "కోటా రాలేదు" అన్న నిజం కాగితం మీద కనిపిస్తుంది.

## దారిలో ఆగిపోయే బ్యాలెట్లు

ఇక అభ్యంతరాల దగ్గరికి వద్దాం. అపార్ట్‌మెంట్ లెక్కలో పక్కన పెట్టిన ఆరు బ్యాలెట్లున్నాయే, 2021 న్యూయార్క్‌లో అవి 1,40,202. మొత్తం 9.42 లక్షల్లో దాదాపు 15 శాతం. గెలుపు తేడా 7,197 అని చెప్పుకున్నాం. చివరి పోటీలో ఆ లక్షా నలభై వేల మంది మాట లేదు.

వ్యతిరేకించేవాళ్లు దీన్నే పట్టుకుంటారు. ఐదుగురి గురించి తెలుసుకుని వరస రాయడానికి తీరిక, సమాచారం ఉన్నవాళ్లకే ఈ పద్ధతి పనికొస్తుందని, ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినవాళ్లు, ముసలివాళ్లు, రెండు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు ఒక్క గడి నింపి వచ్చేస్తారని అంటారు. 2020 చివర్లో న్యూయార్క్‌లోనే కొందరు నల్లజాతి కౌన్సిల్ సభ్యులు ఓటర్లకి సరిగా నేర్పకుండా దీన్ని మొదలుపెట్టొద్దని కోర్టుకెళ్లారు, కోర్టు ఆపలేదు.

సమర్థించేవాళ్లు ఇచ్చే జవాబూ కొట్టిపారేసేది కాదు. ఆగిపోయిన బ్యాలెట్లన్నీ తెలియక ఆగినవి కావు, "ఆ ఇద్దరిలో ఎవరొచ్చినా నాకొకటే" అని కావాలనే వదిలేసినవాళ్లూ ఉంటారు. పైగా పాత రనాఫ్‌కి అసలు పోలింగ్ కేంద్రానికే రానివాళ్లని ఏ ఖాతాలో వేస్తాం? 2013లో అలా ఆగిపోయినవాళ్ల ముందు ఈ 15 శాతం ఎంత? నా మటుకు ఈ పోలికలో ర్యాంకుల పద్ధతే నయమనిపిస్తుంది. కానీ "గెలిచినవాళ్లకి ఖచ్చితంగా సగం మంది మద్దతు ఉంటుంది" అని ప్రచారం చేసేవాళ్లు "మిగిలిన బ్యాలెట్లలో" అన్న మాటని మింగేయడం మాత్రం సరికాదు.

## మధ్యలో నలిగిపోయే మనిషి

లెక్కల మాస్టార్లు ఎత్తిచూపే లోపం ఇంకోటుంది. అది కొంచెం మెలిక. మళ్లీ అపార్ట్‌మెంట్‌కే వెళ్దాం, జోసెఫ్ ఈసారి పోటీ చేయట్లేదు. శ్రీనివాస్ టవర్ కావాలంటాడు. రజియా టవర్ మాట కాదు, ఉన్న కేబుల్ వైర్లు కూడా పీకించేస్తానంటుంది. పద్మ మధ్యే మార్గం. మొదటి ఎంపికలు శ్రీనివాస్ 40, రజియా 32, పద్మ 28. శ్రీనివాస్ వాళ్లందరి రెండో ఎంపిక పద్మ. రజియా వాళ్లందరిదీ పద్మే.

అందరికంటే తక్కువ పద్మకి, కాబట్టి ముందు పోయేది ఆవిడే. ఆవిడ 28లో 19 రజియాకి, 9 శ్రీనివాస్‌కి వెళ్తే రజియా 51-49తో గెలుస్తుంది. ఇప్పుడు ఇద్దరిద్దరినే నిలబెట్టి చూడండి. పద్మ, శ్రీనివాస్ మధ్య అయితే పద్మ 60-40. పద్మ, రజియా మధ్య అయితే పద్మ 68-32. ఎవరితో నిలబెట్టినా గెలిచే మనిషి అందరికంటే ముందు ఔటైంది, ఎందుకంటే అందరికీ ఆవిడ రెండో ఎంపికే, మొదటి ఎంపిక తక్కువమందికే.

ఇది ఊహించుకున్న చిక్కు కాదు. వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ నగరంలో 2009 మేయర్ ఎన్నికలో జరిగింది. మొదటి ఎంపికల్లో రిపబ్లికన్ కర్ట్ రైట్ ముందు, ప్రోగ్రెసివ్ పార్టీ బాబ్ కిస్ రెండు, డెమోక్రాట్ ఆండీ మాంట్రోల్ మూడు. చివరికి కిస్ గెలిచాడు. తర్వాత బ్యాలెట్లు తీసి చూస్తే మాంట్రోల్ ఆ ఇద్దరిలో ఎవరితో నేరుగా తలపడినా గెలిచేవాడని తేలింది. మరుసటేడు నగర ఓటర్లు ఈ పద్ధతినే రద్దు చేశారు. అయితే కథ అక్కడ ఆగలేదు. 2021లో కౌన్సిల్‌కి, 2023లో మేయర్‌కి మళ్లీ వాళ్లే ఓటేసి వెనక్కి తెచ్చుకున్నారు.

ఇదే బ్యాలెట్‌ని మామూలు పద్ధతిలో లెక్కపెడితే అటు అపార్ట్‌మెంట్‌లో శ్రీనివాస్, ఇటు బర్లింగ్టన్‌లో రైట్ గెలిచేవాళ్లు. అప్పుడూ మధ్యలోని మనిషికి ఒరిగేదేం లేదు.

## లెక్కపెట్టేవాళ్ల పొరపాట్లు

పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది ఒకటి, ఆఫీసువాళ్లు దాన్ని సరిగా నడిపారా అన్నది ఇంకోటి. ఈ రెండూ కలిసిపోయి జనంలో అనుమానాలు పెంచిన సందర్భాలున్నాయి. 2021 జూన్ 29న న్యూయార్క్ ఎన్నికల బోర్డు మొదటి రౌండ్ల లెక్క ప్రకటించి, కొన్ని గంటలకే వెనక్కి తీసుకుంది. ముందు ట్రయల్ కోసం కంప్యూటర్లో వేసుకున్న దాదాపు 1.35 లక్షల ఉత్తుత్తి బ్యాలెట్లని తుడిచేయకుండానే అసలు ఓట్లు కలిపేశారు.

కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో 2022లో ఇంకా ఇబ్బంది. స్కూలు బోర్డు సీటు ఒకదానికి తప్పు మనిషిని గెలిచినట్టు ప్రకటించేశారు. మొదటి గడి ఖాళీగా వదిలి రెండో గడి నింపినవాళ్ల ఓటుని మొదటి రౌండ్‌లోనే లెక్కించాలి, సాఫ్ట్‌వేర్‌లో ఆ సెట్టింగు తప్పుగా పెట్టారు. బయటివాళ్లు డేటా తీసుకుని తిరిగి లెక్కేస్తే దొరికింది, విషయం కోర్టుకెళ్లి అసలు విజేత మారాడు. బ్యాలెట్ల డేటా బయట పెడితే ఎవరైనా ఇలా సరిచూడచ్చు అన్నది ఒక పక్క, డేటా బయటికి రాకపోతే మామూలు ఓటరు చేత్తో లెక్కేసి చూసుకోలేడు అన్నది ఇంకో పక్క.

రాజకీయంగా కూడా ఇది నలుగుతోంది. ఫ్లోరిడా, టెన్నెసీ 2022లో చట్టం చేసి దీన్ని నిషేధించాయి, తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. టెన్నెసీలోని మెంఫిస్ ఓటర్లు 2008లోనే దీన్ని కావాలన్నారు, 2018లో రద్దు చేద్దామంటే కాదన్నారు, అయినా ఒక్కసారీ వాడుకోకుండానే రాష్ట్ర చట్టం వచ్చి పడింది.

## 2025: జూన్‌లో ఒక లెక్క, నవంబరులో ఇంకో లెక్క

మా తమ్ముడు ఓటేసిన ప్రైమరీ సంగతికొస్తే, అందులో పొత్తు బాహాటంగానే జరిగింది. జొహ్రాన్ మమ్దానీ, బ్రాడ్ ల్యాండర్ ఇద్దరూ "మొదటి ర్యాంకు నాకు, రెండోది ఆయనకి" అని ఒకరికొకరు ప్రచారం చేసుకున్నారు. ఇద్దరూ ఒకే పదవికి పోటీదారులు! మామూలు పద్ధతిలో ఇలా చేస్తే పిచ్చనుకుంటారు. దీన్ని చూసే సమర్థకులు ర్యాంకుల వల్ల తిట్లు తగ్గుతాయంటారు. ఇంకో పోటీదారు, రాష్ట్ర మాజీ గవర్నర్ ఆండ్రూ క్యూమోని ఏ గడిలోనూ పెట్టొద్దని అదే ప్రైమరీలో గట్టి ప్రచారం నడిచింది కాబట్టి తిట్లు తగ్గాయో ఒకరి మీదికే మళ్లాయో చెప్పడం కష్టం.

మొదటి ఎంపికల్లో మమ్దానీకి 43 శాతానికి పైగా, క్యూమోకి 36. ర్యాంకులన్నీ కలిశాక 56, 44. పాత 40 శాతం రూలే ఉంటే ఇక్కడ రనాఫ్ అవసరమే పడేది కాదన్నది గమనించాలి. 2021లో ఫలితం అంచుదాకా వెళ్తే 2025లో ముందున్నవాడే ఇంకా ముందుకెళ్లాడు. ఈ పద్ధతిలో వెనకున్నవాళ్లు తరచూ గెలిచేస్తారని చాలామంది అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు మొదటి రౌండ్ విజేతే చివరి విజేత.

నవంబరులో తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి బ్యాలెట్‌లో మేయర్ పేర్ల పక్కన ఒక్కో గడే ఉంది, మిగతా నాలుగూ ఏమయ్యాయని. ఏమీ కాలేదు, అసలు ఎన్నికకి ర్యాంకులు లేవు. అప్పుడు బరిలో డెమోక్రాట్‌గా మమ్దానీ, స్వతంత్రుడిగా క్యూమో, రిపబ్లికన్ కర్టిస్ స్లివా. ప్రచారమంతా స్లివా తప్పుకోవాలి, ఓట్లు చీలుస్తున్నాడు అన్న గొడవే, మన అపార్ట్‌మెంట్‌లో రజియాని విత్‌డ్రా చేయించమన్నట్టు. ఆయన తప్పుకోలేదు. చివరికి మమ్దానీకి సగం పైనే వచ్చాయి, క్యూమోకి 41 శాతం, స్లివాకి 7. స్లివా ఓట్లన్నీ తీసి క్యూమోకి కలిపినా మమ్దానీని దాటవు.

"అయితే ఆ స్లివా వాళ్ల రెండో ప్రాధాన్యత ఎవరికుండేదిరా?" అని అడిగాడు బాబాయి, కౌంటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి కదా. నవంబరు బ్యాలెట్‌లో ఆ గడే లేదు నాన్నా అన్నాడు తమ్ముడు.